తేలియా రుమాలు, పాత మైక్రో నిక్కర్ లెన్స్, ఒక వైపు పలచబడ్డ అడాప్టర్

పుట్టపాకలో తేలియా రుమాళ్లు నేసే ఒక కుటుంబం తమ నేతకు ఫొటోలు తీసిపెట్టమని అడిగింది. ఇంటి పెద్దాయన తనకేం కావాలో స్పష్టంగా చెప్పారు. రుమాలు మొత్తం ఒకే బొమ్మలో కనిపించాలి. ఆ బొమ్మను కంప్యూటర్‌లో పెద్దది చేస్తూ పోతే పోగులు విడివిడిగా లెక్కపెట్టేలా ఉండాలి. ముందు వైపును, వెనుక వైపును పక్కపక్కన పెడితే రంగులో తేడా లేదని కొనేవారికి తెలియాలి.

“అచ్చు వేసిన గుడ్డను చూపించి ఇదే తేలియా అంటున్నారు బిడ్డా. చేత్తో పట్టుకుంటే నేను చెప్పేస్తాను. ఫోనులో చూసి కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది?” అన్నారాయన.

నేను నల్లగొండలో స్టూడియో నడుపుతాను. ఫిల్ము రోజుల నాటి నిక్కర్ లెన్సులు (నిక్కాన్ కంపెనీవి) కొన్ని స్టూడియోలో ఇప్పటికీ పనిలో ఉన్నాయి. ఈ పని మొత్తం వాటితోనే, 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సోనీ మిర్రర్‌లెస్ కెమెరా మీద, వేరే కంపెనీ లెన్స్‌ను దానికి కలిపే అడాప్టర్ పెట్టి చేశాను. పాత లెన్సుల గురించి మాట్లాడేవారు ఎక్కువగా వాటి ‘అందం’ గురించి, వెనుక సుడులు తిరిగే మసక గురించి మాట్లాడతారు. నాకు ఈ పనిలో అవేవీ అక్కర్లేదు. నాకు కావలసింది గీతను గీతలాగే చూపే లెన్స్. అలాంటివి పాతవాటిలోనూ ఉన్నాయి. వాటిని చెడగొట్టేది చాలాసార్లు మధ్యలో వచ్చే అడాప్టరే. ఈ కేసులో నేను బలంగా చెప్పదలచుకున్నది అదే.

ముందు ఆ గుడ్డ సంగతి చెప్పాలి, ఎందుకంటే లెన్స్ ఎంపికను నిర్ణయించింది గుడ్డే. పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. 2016 వరకు నల్లగొండ జిల్లాలో భాగం. ఇక్కడి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో, నూనెలో నానబెట్టి సిద్ధం చేస్తారు. ఆ నూనె వల్లే దానికి ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు దీని రంగులు. పడుగునూ పేకనూ రెండింటినీ నేయకముందే చిటికి కట్టి అద్దుతారు. రంగు తగలకూడని చోట నూలు చుట్టూ సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలు బిగిస్తారు. మగ్గం మీద పడుగులోని ఎరుపు పేకలోని ఎరుపుతో కలిసిన చోట నిండు రంగు వస్తుంది. ఎరుపూ తెలుపూ కలిసిన చోట సగం రంగు వస్తుంది. నేతలో పోగు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ప్రతి ఆకారం అంచు సన్నటి ఈక అంచులా చెదురుతుంది. అచ్చు గుడ్డలో ఆ చెదురు ఉండదు. అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, వెనుక వైపు రంగు పలచగా ఉంటుంది.

అంటే ఫొటోలో సాక్ష్యం అంతా ఆ ఒకటి రెండు పోగుల వెడల్పులోనే ఉంది. లెన్స్ మూలల్లో మసకగా ఉంటే అచ్చు గుడ్డకు కూడా అలాంటి అంచు వచ్చేస్తుంది. గీతలను వంచే లెన్స్ అయితే గళ్ల నేత వంకరగా కనిపిస్తుంది. నేసినవారి చేతిపనిపై అది అబద్ధం చెప్పినట్టే. వీటిలో మొదటి కారణంతో హీలియోస్ 44-2 ముందే పక్కకు పోయింది. 58 మి.మీ., ఎఫ్ 2 ఉన్న ఆ సోవియట్ లెన్స్ జర్మన్ బయోటార్ లెన్స్ నమూనాపై చేసినది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుగు వచ్చే రంధ్రం అంత పెద్దదిగా తెరుచుకుంటుంది). మనుషుల బొమ్మలకు నాకు ఇష్టమైనదే, కానీ దాని ఫోకస్ తలం చదునుగా ఉండదు. సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్ 1.4ను కూడా తీసుకోలేదు. దానిలో ఏడు కటకాల రకానికి థోరియం కలిసిన గాజు ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది పచ్చబారుతుంది. అతినీలలోహిత కాంతిలో కొన్నాళ్లు ఉంచితే ఆ పసుపు విరుగుతుంది. మన ఎండలు అందుకు సరిపోతాయి గానీ, మే నెలలో మేడ మీద పెడితే లోపలి గ్రీజు కరిగి ఎపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) రేకుల మీదికి పాకుతుంది. అందుకని వేసవిలో ఆ పని పెట్టుకోవద్దని నా సలహా. రుమాలులోని తెలుపు ఏమాత్రం పసుపు తిరగకూడదు కాబట్టి అలాంటి లెన్స్ జోలికే పోలేదు.

మిగిలింది మైక్రో నిక్కర్ 55 మి.మీ. ఎఫ్ 3.5. దగ్గరి దూరాలలో చదునైన వస్తువులను తీయడానికే దిద్దిన లెన్స్ ఇది. గీతలను వంచదు. అదనపు గొట్టాలేవీ లేకుండానే, సెన్సర్ మీద బొమ్మ వస్తువులో సగం పరిమాణం అయ్యేంత దగ్గరికి వెళుతుంది, అంటే ఫ్రేములో 72 మి.మీ. వెడల్పు గుడ్డ నిండుగా పడుతుంది. ముందరి గాజు గొట్టంలో బాగా లోపలికి ఉండటంతో వేరే హుడ్ లేకుండానే పక్కవెలుగు చాలావరకు ఆగిపోతుంది. తరవాత వచ్చిన ఎఫ్ 2.8 రకం ఇంకా మెరుగని చాలామంది అంటారు. కానీ దానిలో దూరాన్ని బట్టి కటకాల మధ్య ఎడం మారే ఏర్పాటు ఉంది, పైగా ఎపర్చర్ రేకులకు నూనె పట్టే జబ్బు దానికి బాగా ఉంది. అడాప్టర్ మీద వాడేటప్పుడు ఎఫ్ 3.5 రకంలోని సాదాతనమే మేలు. ఆ మేలు ఎంతటిదో లేత్ షాపు దగ్గర తెలిసింది.

అడాప్టర్ లెక్క

అడాప్టర్ అంటే లోపల గాజు ఏమీ లేని లోహపు గొట్టం. దాని పని ఒక్కటే, లెన్స్‌ను సెన్సర్‌కు సరైన దూరంలో, సమాంతరంగా నిలబెట్టడం. నిక్కర్ లెన్స్ పట్టు (లెన్స్, కెమెరా ఒకదానికొకటి బిగుసుకునే చోటు) నుంచి ఫిల్ముకు 46.5 మి.మీ. ఉండాలి. సోనీ కెమెరా పట్టు నుంచి సెన్సర్‌కు 18 మి.మీ. ఉంటుంది. మిగిలిన 28.5 మి.మీ. అడాప్టర్ ఇవ్వాలి. స్క్రూ పట్టు ఉన్న ఎం 42 లెన్సులకు ఆ దూరం 45.46 మి.మీ., పాత కెనాన్ ఎఫ్‌డీకి 42 మి.మీ.

పెళ్లిళ్లు తీసే మిత్రులు తమ నిక్కాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మీద హీలియోస్ పెట్టుకోవచ్చా అని తరచూ అడుగుతుంటారు. జవాబు ఈ అంకెల్లోనే ఉంది. నిక్కాన్ బాడీకి సెన్సర్ 46.5 మి.మీ. దూరంలో ఉంటుంది, లెన్స్‌కు కావలసింది 45.46. అడాప్టర్ మందం సున్నా అయినా లెన్స్ ఇంకో మిల్లీమీటరు లోపలికి వెళ్లాలి, వెళ్లలేదు. దూరపు వస్తువులు ఫోకస్ కావు. మధ్యలో గాజు పెట్టిన అడాప్టర్లు ఆ లోటు తీరుస్తాయి గానీ ఆ చవక గాజు లెన్స్ పదునును తినేస్తుంది. కెనాన్ ఈఎఫ్ బాడీకి 44 మి.మీ. కాబట్టి ఎం 42, నిక్కర్ రెండూ గాజు లేకుండానే కుదురుతాయి. మిర్రర్‌లెస్ కెమెరాలకు ఈ బాధే లేదు.

ఈ పనికి కొత్తగా కొన్న అడాప్టర్ చూడటానికి గట్టిగానే ఉంది. నా అలవాటు ప్రకారం పనిలోకి దింపే ముందు రెండు పరీక్షలు పెట్టాను. సాయంత్రం లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దీపాలకు ఫోకస్ చేసి చూస్తే ఫోకస్ రింగు మీది అనంతం గుర్తుకు (చాలా దూరపు వస్తువుల గుర్తు) కొంచెం ముందే దీపాలు పదునెక్కాయి. అది పెద్ద దోషం కాదు; తయారుచేసేవారు అనంతం అందకుండా పోతుందేమోనని కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. రెండో పరీక్షకు గోడ మీద దినపత్రిక పేజీలు అతికించి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీశాను. కుడి వైపు అక్షరాలు మసకబారాయి. ఎడమవి పదునుగా ఉన్నాయి.

ఇక్కడే చాలామంది లెన్స్ పాడైందని తీర్మానించి పక్కన పెట్టేస్తారు. అలా నేలపాలైన మంచి లెన్సులను చూసి బాధపడ్డాను కాబట్టి ఇది వివరంగా చెబుతున్నాను. అదే అడాప్టర్ మీద మరో లెన్స్ పెట్టి అదే గోడను తీయాలి. నేను 105 మి.మీ. ఎఫ్ 2.5 పెట్టాను. మళ్లీ కుడి వైపే మసక, ఈసారి ఇంకా ఎక్కువ. రెండు వేర్వేరు లెన్సులు ఒకే వైపు చెడిపోవు. లోపం అడాప్టర్‌దే.

బోరు మోటార్ల షాఫ్టులు తిప్పే లేత్ షాపు ఒకటి మా స్టూడియోకు దగ్గర్లో ఉంది. అక్కడి మేస్త్రి మైక్రోమీటర్‌తో అడాప్టర్ చుట్టూ నాలుగు చోట్ల కొలిచాడు. మూడు చోట్ల 28.46 మి.మీ. వచ్చింది, నాలుగో చోట 28.38. “సార్, ఎనిమిది పాయింట్ల తేడా ఉంది. మోటారుకైతే పరవాలేదు గానీ మీ పనికి ఎంతవరకు ఆగుతుందో మీరే చెప్పాలి” అన్నాడు.

ఎంతవరకు ఆగుతుందో లెక్కవేసి చూశాను. ఆ వాలు 36 మి.మీ. సెన్సర్ వెడల్పులో సుమారు 0.06 మి.మీ. అవుతుంది. మధ్యలో ఫోకస్ చేస్తే ఒక్కో అంచుకు 0.03. ఇంత చిన్న తేడా దగ్గరి వస్తువు దగ్గర చాలా పెద్దదవుతుంది. గుడ్డకు మీటరు దూరం నుంచి తీసినప్పుడు, ఫ్రేము అంచుల్లో ఫోకస్ గుడ్డకు 9 మి.మీ. ముందుగానో వెనుకగానో పడుతుంది. ఎఫ్ 8 దగ్గర పిక్సెల్ స్థాయి పదునుకు అటూ ఇటూ నాకు దొరికే వెసులుబాటు 15 మి.మీ. మాత్రమే. వేలాడదీసిన నూలు గుడ్డ ఎంత లాగి కట్టినా కొద్దిగా అలలు తేలుతుంది. ఆ అలలకు ఉంచుకోవలసిన వెసులుబాటులో సగానికి పైగా అడాప్టరే తినేస్తే ఇక గుడ్డకు మిగిలేదేమిటి?

బయటి పట్టు పళ్లేన్ని పట్టి ఉంచే స్క్రూలు విప్పి, గొట్టం ముఖాన్ని లేత్ మీద చదును చేయించాను. చుట్టూ 28.38 వచ్చింది. కావలసినదానికన్నా 0.12 మి.మీ. పొట్టి. కటకాల మధ్య ఎడం మారే లెన్స్ అయితే ఈ పొట్టితనం దాని లెక్కను తప్పిస్తుంది: ఫోకస్ రింగు ఒక దూరం అనుకుంటే లెన్స్ ఇంకో దూరంలో ఉంటుంది. ఎఫ్ 3.5 మైక్రోలో కటకాలన్నీ కలిసే కదులుతాయి. రింగు మీది అంకెలు కొద్దిగా తప్పుతాయి, బొమ్మకు ఏమీ కాదు. లేత్ మీద తిప్పిన అల్యూమినియం పొడి మాత్రం ప్రమాదం. పెట్రోలుతో కడిగి, గాలి కొట్టించి, బూతద్దంతో పొడి లేదని చూసుకున్నాకే కెమెరాకు తగిలించాలి. ఒక్క రజను సెన్సర్ మీద పడినా ఆదా చేసిన డబ్బంతా పోతుంది.

గొట్టం లోపలి నల్లరంగు నిగనిగలాడుతోంది. తెల్లటి గళ్ల నుంచి వచ్చే వెలుగు ఆ గోడలకు తగిలి సెన్సర్ మధ్యలో పొగలా పరచుకుంటుంది. తేలియా నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. లోపల వెలుగును మింగే నల్ల మఖమల్ కాగితం అతికించాక అదే వెలుగులో, అదే ఎక్స్‌పోజర్‌లో తీస్తే నలుపు నలుపుగా దిగింది. ఖర్చు చాలా తక్కువ, ఫలితం లెన్స్ మార్చినంత.

పోగుల లెక్క

పెద్దాయన ఇచ్చిన రుమాలు వైపుకు మీటరుకు కాస్త ఎక్కువ, అంగుళానికి 60 పోగుల నేత. అంటే ఒక పోగు నుంచి మరో పోగుకు 0.42 మి.మీ. రుమాలు మొత్తాన్ని ఒకే ఫ్రేములో పట్టిస్తే సెన్సర్ పొట్టి వైపున ఉన్న 4000 పిక్సెళ్లలో 1.1 మీటరు గుడ్డ పడాలి. ఒక్కో పోగుకు ఒకటిన్నర పిక్సెల్ వస్తుంది. కనీసం రెండైనా లేకపోతే పోగు విడిగా కనిపించకపోగా, లేని చారలు పుట్టుకొస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ అలలు గుడ్డంతా పరచుకుంటాయి. పదును ఎక్కువ ఉన్న లెన్స్‌కు ఈ జబ్బు ఇంకా ఎక్కువ. చీరల ఫొటోలలో ఇంద్రధనుస్సు చారలు వస్తే కెమెరాను తిట్టుకునేవారు ఈ ఒక్క భాగహారం చేసుకుంటే చాలు.

ఎపర్చర్‌ను ఎఫ్ 16కు మూస్తే చారలు మెత్తబడతాయి, వాటితోపాటు పోగులూ మెత్తబడతాయి. పనికిరాదు. రుమాలును మూడు అడ్డవరుసలుగా, మూడు నిలువువరుసలుగా తొమ్మిది ముక్కల్లో తీసి కలపడమే మార్గం. అంచులు ఒకదానిమీద ఒకటి వచ్చేలా ఒక్కో ఫ్రేము పొట్టి వైపున 42 సెం.మీ. పట్టిస్తే పోగుకు నాలుగు పిక్సెళ్లు దక్కుతాయి. లెన్స్ గుడ్డకు మీటరు దూరంలో నిలుస్తుంది. ఇంట్లో చోటు కూడా దానికే కుదిరింది. మొత్తం ఒకే ఫ్రేముకైతే రెండున్నర మీటర్ల పైనే వెనక్కి వెళ్లాలి, మగ్గాల మధ్య అంత ఎడం లేదు.

కెమెరాను కదిపితే ప్రతిసారీ కోణం మారుతుంది. అందుకని కెమెరాను స్థిరంగా ఉంచి గుడ్డను కదిపాం. మనవడు ఒక చెక్క చట్రం తెచ్చాడు. రుమాలును దానికి దారాలతో సమంగా లాగి కట్టి, గోడకు కొట్టిన రెండు పట్టీల మీద జరుపుతూ పోయాం. దారాల బిగువు చూసింది పెద్దాయనే. ఎంత లాగితే గళ్లు సాగిపోతాయో ఆయన వేళ్లకు తెలిసినట్టు నాకు తెలియదు.

కెమెరా గుడ్డకు సమాంతరంగా ఉందో లేదో చూడటానికి నీటిమట్టం పరికరాలకన్నా నమ్మకమైనది చిన్న అద్దం ముక్క. గుడ్డ తలం మీద అద్దాన్ని ఆనించి కెమెరాలో చూడాలి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలో కనిపిస్తే రెండూ సమాంతరం. పక్కకు జరిగితే ట్రైపాడ్ తల సర్దాలి.

ఫోకస్ విషయంలో, కెమెరా చూపే రంగు అంచుల గుర్తులను ఈ పనిలో నమ్మలేదు. నేతలో ప్రతి పోగూ ఒక అంచే కాబట్టి తెర అంతా ఎర్రగా వెలుగుతుంది. ఆ సదుపాయం ఆపేసి, తెరను పెద్దది చేసుకుని, ఎఫ్ 3.5 దగ్గర పోగు మీది నూగు కనిపించేదాకా రింగు తిప్పి, తరవాత ఎఫ్ 8కు మూసి మళ్లీ సరిచూశాను. ఈ రకం అడాప్టర్ మీద నిక్కర్ ఎపర్చర్ రింగు తిప్పగానే నిజంగా మూసుకుంటుంది, కాబట్టి చూసేదే తీసేది. కెమెరా మెనూలో లెన్స్ లేకున్నా షట్టర్ పడే ఏర్పాటును ఆన్ చేసి ఉంచాలి, లేకపోతే లెన్స్ లేదనుకుని కెమెరా మొరాయిస్తుంది. ఎపర్చర్ ఎంతో ఫైలులో నమోదు కాదు కాబట్టి పుస్తకంలో రాసుకోవాలి.

వెలుగు కోసం ఫ్లాష్ వాడలేదు. తలుపు వైపు నుంచి వచ్చే వెలుగును ఎదుటి వైపు తెల్లటి థర్మోకోల్ పలకలతో సమం చేశాను. షట్టర్ నెమ్మదించింది. అప్పుడు మగ్గం సంగతి వచ్చింది. గుంట మగ్గం ఆడుతున్నంతసేపు నేల అదురుతుంది. ట్రైపాడ్ ఎంత బరువైనదైనా ఆ అదురు సెన్సర్ దాకా వస్తుంది. పక్కింటి మగ్గం కూడా ఇదే గోడను కదిలిస్తుంది. ఇంటివాళ్లు భోజనాలకు లేచిన వేళ, పక్కింటివాళ్లకు కూడా చెప్పుకుని, కెమెరాలో కదలిక దిద్దే ఏర్పాటు ఆపేసి, టైమర్ పెట్టి తొమ్మిది ఫ్రేములూ ఒకే విడతలో తీశాం. చట్రం తిప్పి కట్టి వెనుక వైపు తొమ్మిదీ అలాగే. రెండు విడతలకూ మొదట రంగుల పలకను పెట్టి ఒక ఫ్రేము తీశాను. ముందు, వెనుక రంగు పోల్చడం ఈ పని ఉద్దేశం కాబట్టి దానిలో మినహాయింపు లేదు.

చిటికి కడుతున్న చేతుల బొమ్మలకు 105 మి.మీ. లెన్స్ వాడాను. ఇక్కడ పద్ధతి పూర్తిగా వేరు. రబ్బరు పట్టీ చుట్టే వేళ్లు ఆగవు, వాటి వెంట రింగు తిప్పుతూ పోతే ఎప్పుడూ వెనకబడతాం. దూరాన్ని ఒకచోట నిలిపి, వేళ్లు ఆ తలంలోకి వచ్చేదాకా నేనే కొద్దిగా ముందుకూ వెనక్కూ వంగాను. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు కదలిక దిద్దే ఏర్పాటుకు లెన్స్ 105 అని మెనూలో చెప్పాలి. అది 55 దగ్గరే ఉండిపోతే సగమే దిద్దుతుంది. ఆసు పోస్తున్న (చిటికి కట్టేముందు నూలును మేకుల చుట్టూ వరుసగా తిప్పుతున్న) ఇల్లాలి బొమ్మ ఈ లెన్స్‌తోనే వచ్చింది. ఒక చీర నూలుకు చేతిని వేలసార్లు తిప్పాల్సిన పని అది. తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్లో మాత్రం ఇప్పటికీ చేతి ఆసే.

తొమ్మిది ఫ్రేములు కలిపాక సుమారు 11 వేల పిక్సెళ్ల చదరపు బొమ్మ వచ్చింది. కలిపిన చోట గళ్లు ఎక్కడా విరగలేదు, లెన్స్ గీతలను వంచకపోవడం అక్కడ అక్కరకొచ్చింది. పెద్దాయన తెర ముందు కూర్చుని బొమ్మను పెద్దది చేయించుకుంటూ ఒక మూల నుంచి మరో మూలకు వెళ్లారు. ఒకచోట ఆపి, “ఇక్కడ పేక పోగు తెగితే ముడి వేశాను. అదీ వచ్చింది” అన్నారు. ముడి తీసేయమంటారా అని అడిగితే వద్దన్నారు. అచ్చు గుడ్డలో ముడి ఉండదు కదా అని ఆయన వాదన. నాకూ అదే సరైనదనిపించింది, ఒక్క పోగు కూడా దిద్దకుండా ఇచ్చాను.

ఒక లోటు మిగిలింది. దగ్గరి నుంచి సగం పరిమాణంలో తీసిన బొమ్మల్లో నలుపు పోగుల మీద నూనె మెరుపు అక్కడక్కడ తెల్లటి చుక్కలుగా పడింది. ఆ దూరంలో లెన్స్ బాగా ముందుకు సాగుతుంది కాబట్టి ఎఫ్ 5.6 అని పెట్టినా వెలుగు, పదును రెండింటికీ అది ఎఫ్ 8 కిందే లెక్క. ఇంకా మూస్తే పదును తగ్గుతుందే గానీ మెరుపు తగ్గదు. లెన్స్‌కు పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) పెట్టి, వెలుగు వచ్చే వైపు కూడా పోలరైజింగ్ పొర కట్టి మళ్లీ తీయాలి. 55, 105 రెండింటికీ ఫిల్టర్ కొలత 52 మి.మీ. కాబట్టి ఒక్క ఫిల్టర్ చాలు. ఆ కుటుంబమే పట్టు నూలు మీద చేసిన డబుల్ ఇక్కత్ (పడుగు, పేక రెండూ చిటికి కట్టి నేసేది) కూడా తీయమంది. పట్టుకు మెరుపు ఇంకా ఎక్కువ కాబట్టి ముందు ఈ నలుపు పోగుల మీద ఆ ఏర్పాటును పరీక్షించి, తరవాత పట్టు పని మొదలుపెడతాను. చదును చేయించిన అడాప్టర్‌ను 55 లెన్స్‌కే శాశ్వతంగా వదిలేశాను. 105కు వేరే అడాప్టర్ తెప్పించి, స్టూడియోలోకి రాకముందే లేత్ షాపులో కొలిపించాను. అది చుట్టూ 28.47 వచ్చింది.